చారల రాయి, ఎర్ర రాయి

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి చుట్టుపక్కల పునాది తవ్వితే వచ్చేది ఒండ్రుమట్టి. రాయి కావాలంటే పంగిడి, గౌరీపట్నం క్వారీల నుంచి లారీల్లో దిగాల్సిందే. అక్కడి నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా. పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. ఇలాంటి లావా చల్లారినప్పుడు లోపలి వాయుబుడగలు బొరియలుగా మిగిలిపోతాయి. సిలికా కరిగిన నీరు ఆ బొరియల్లోకి ఊరి, కంటికి కనబడనంత సన్నని పలుగురాయి పోగులుగా పేరుకుంటే అది కాల్సిడొనీ. అగేట్, కార్నీలియన్ రెండూ ఆ కడుపున పుట్టిన తోబుట్టువులే.

అగేట్ మనకు తెలిసిందే. ఉంగరాల్లో, పూసల దండల్లో చూస్తూనే ఉన్నాం. దాని గుర్తు రంగు కాదు, చార. బొరియ గోడను అంటుకుని పొర మీద పొర పేరుకోవడంతో చారలు ఆ గోడ వంపులోనే తిరుగుతాయి. అవే తిన్నగా, సమాంతరంగా సాగితే ఓనిక్స్.

కార్నీలియన్ సంగతి వేరు. దానికి చారతో పనిలేదు, ఇనుప ఆక్సైడు ఇచ్చిన ఎరుపే దాని గుర్తు. వెలుతురుకు ఎత్తిపడితే నిండుగా, ఒకే తీరున మెరుస్తుంది. అంతే ఎర్రగా ఉన్నా వెలుతురును అసలు దాటనివ్వకపోతే అది జాస్పర్. అలాగే కాల్సిడొనీ నికెల్ వల్ల ఆకుపచ్చగా మారితే క్రిసోప్రేజ్.

తూకం వేసినా, చాకుతో గీసినా ఈ తోబుట్టువుల మధ్య తేడా దొరకదు. ఇద్దరి గట్టిదనమూ 6.5 నుంచి 7, సాంద్రతా ఇంచుమించు 2.6. ఒక పేరు అమరికను చూసి పెట్టింది, మరొకటి రంగును చూసి పెట్టింది. కాబట్టి చారలున్న ఎర్రరాయికి రెండు పేర్లూ చెల్లుతాయి. వాడుక ఇంకా ఉదారం: నాచు అగేట్‌లో చారలే లేకపోయినా పేరు నిలిచింది.

మనిషి చెయ్యి ఈ హద్దును మరీ చెరిపేసింది. గుజరాత్‌లోని ఖంభాత్ పనివాళ్లు రతన్‌పూర్ రాళ్లను కాల్చి ఎరుపు తేల్చారు. హరప్పా కాలం నుంచే కార్నీలియన్ పూసల మీద క్షారంతో తెల్లగీతలు దిద్దారు. అంటే చారలు లేనిదానికి చారలు పెట్టారు. అగేట్‌కేమో రంగులు అద్దారు. పొరలన్నీ ఒకే తీరున రంగు పీల్చవు కనుక చారలు ఇంకా స్పష్టమయ్యాయి. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940–42 తవ్వకాల్లో బయటపడిన శాతవాహనుల నాటి పూసల్లో ఈ రెండు రాళ్లూ కలిసే ఉన్నాయి. వాటిని ధరించినవాళ్లు ఒకదాన్ని మెచ్చి మరొకదాన్ని కాదనలేదు.

కొనేవారు మాత్రం రాయిని ముందు వెలుతురుకు ఎత్తి చూడండి, తర్వాత చార వెతకండి, రంగు మాట చివరికి. గాఢమైన గులాబీ, నీలం అగేట్ కనిపిస్తే అది దాదాపుగా అద్దకమే. దానికి సహజ రాయి ధర ఇవ్వకండి.