1034 పెళ్లిళ్లు

హైదరాబాద్‌లో స్పానిష్ చదువుతున్న మా మేనకోడలు ఈ వారం వాళ్ల మాస్టారిచ్చిన జాబితా ఒకటి ఫోన్‌లో పంపింది. ఆధునిక స్పెయిన్ చరిత్ర చదవడానికట. తీరా చూస్తే అందులో చరిత్ర పుస్తకం ఒక్కటీ లేదు. గోయా బొమ్మలు, గాల్డోస్ నవలలు, లోర్కా నాటకాలు, పికాసో 'గెర్నికా'. నాకు పండగొచ్చినంత పనైంది. రాజుల తేదీలు పక్కన పెట్టి కథలు చదవండి, చరిత్ర అక్కడే దొరుకుతుంది అన్న నా మొండివాదం ఈ కాలమ్ చదివేవాళ్లకి కంఠతా వచ్చు. దానిమీద మండిపడి నాకు పేజీల కొద్దీ ఉత్తరం రాసిన రిటైర్డ్ హెడ్మాస్టారికి ఈ జాబితా జిరాక్స్ తీసి పంపిద్దామా అని కూడా అనిపించింది.

"మావయ్యా, మన వైపుకి ఇలాంటిది రాయమంటే ఏటి రాస్తావు?" అంది పిల్ల. అదెంత పని అనుకుని కాగితం ముందు కూర్చున్నాను.

మొదటి పేరు బొబ్బిలి. ఇంకేం రాస్తాను! మాది విజయనగరం పక్క పల్లె. చిన్నప్పుడు అమ్మవారి పండగకి జముకుల కథ కట్టించేవారు. చంకలో జముకు ఇరికించుకుని, తోలు మధ్యనుంచి వచ్చే తీగని లాగి మీటుతుంటే ఆ మోత గుండెల్లోకి దిగేది. రాజాంలో ఉన్న పాపారాయుడికి కబురు అందడం, అతను వచ్చేసరికి కోట బూడిదై ఉండటం, ఆ ఘట్టం దగ్గర ఆడవాళ్లంతా ముక్కులు చీదేవారు. మా అమ్మయితే బాహాటంగానే ఏడ్చేది. ఇక్కడో విచిత్రం ఉంది. 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్లింది ఎవరు? మా విజయరామరాజు గారే. మా పల్లె ఆ సంస్థానంలోదే. గెలిచినవాడి ఊళ్లో కూర్చుని, గెలిచినవాణ్ణి దుర్మార్గుడిగా పాడించుకుని, దానికి సంభావన ఇచ్చి, పైగా కన్నీళ్లు. చరిత్ర గెలిచినవాడు రాస్తాడంటారు గానీ, మా వైపు ఓడినవాడి తరఫున జముకు పాడింది, గెలిచినవాడి జనం వంత పాడారు. సినిమా వాళ్లు 1964లో దాన్నే తెరకెక్కించారు. ఆ తర్వాత ఇక విజయనగరం వైపు వాదన వినే నాథుడే లేడు.

కానీ జాబితాలో ఆ పేరు రాశాక కలం ఆగింది. ఆ కథ వినీ వినీ నాకు తెలిసింది పౌరుషం, పగ. శ్రీకాకుళం, రాజమండ్రి సర్కార్ల ఇజారా బుస్సీ దగ్గర్నుంచి విజయరామరాజు పుచ్చుకున్నాడనీ, కప్పం వసూలు అధికారం చేతికొచ్చిన పొరుగువాడికి బొబ్బిలి లొంగలేదనీ నేను విన్న ఏ కథకుడూ పాడలేదు. కప్పం లెక్కకి జముకు మోగదు, నిజమే. అయితే ఆ లెక్క లేకుండా బొబ్బిలి ఎందుకు కాలిందో మా అమ్మకి తెలియలేదు, నాకూ చాలా ఏళ్లు తెలియలేదు.

సరే, రెండోది 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. గిరీశం, మధురవాణి, అగ్నిహోత్రావధాన్లు. మా ఊళ్ల పందొమ్మిదో శతాబ్దం అంతా అందులో ఉందని వందసార్లు రాశాను. ఈ వారం మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట మళ్లీ తీశాను. శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లెన్నో లెక్క తీయించమని మహారాజు ఆనందగజపతి ఆజ్ఞ. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, అంటే ఇప్పటి మన జిల్లాలూ కలిపి, మూడేళ్లలో తేలినవి 1034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు, మూడేళ్ల పిల్లలు, ఏడాది పిల్లలు కూడా. నాటకంలో ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లుని చూసి మనం పగలబడి నవ్వుతాం. ఆ నవ్వు కింద ఓ గుమాస్తా రాసిన పట్టిక ఉంది. ఆ పట్టిక చూపించకపోతే "ఇదంతా కవిగారి అతిశయోక్తి" అని ఏ అవధాని అయినా చేతులు దులిపేసుకునేవాడు.

ఇంక స్పెయిన్ జాబితాని కూడా అనుమానంగానే చూశాను. 'గెర్నికా'లో ఎద్దుంది, గుర్రముంది, చచ్చిన బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లి ఉంది, పైన ఓ విద్యుద్దీపం. విమానం లేదు, బాంబు లేదు. 1937 ఏప్రిల్ 26, సోమవారం, సంతరోజున ఆ ఊరిమీద బాంబులు కురిపించింది జర్మన్ విమానాలు. ఫ్రాంకో మనుషులు మాత్రం ఊరివాళ్లే తగలబెట్టుకున్నారని ప్రచారం మొదలెట్టారు. బొమ్మ ఒక్కదాన్నే ముందుపెట్టి ఆ అబద్ధాన్ని ఖండించగలరా? ఖండించింది జార్జ్ స్టీర్ అనే విలేకరి. కాలిన ఊళ్లో తిరిగి, బాంబుల మీద జర్మన్ ముద్రలు చూసి, 28న లండన్ 'టైమ్స్'లో రాశాడు. పికాసో గీతలు మొదలుపెట్టింది మే 1న, పత్రికల్లో ఆ వార్త చూశాకనే. మా పిల్ల మాస్టారి జాబితాలో స్టీర్ లేడు.

మూడో పేరు రాయడం మరీ కష్టమైంది. సుబ్బారావు పాణిగ్రాహి. బొడ్డపాడు గుళ్లో అర్చకుడు, జముకుల కథని శ్రీకాకుళం గిరిజన ఉద్యమానికి తిప్పినవాడు, 1969 డిసెంబరులో పోలీసుల తుపాకీకి బలైనవాడు. మన లోర్కా అని రాసేద్దామనుకున్నాను. చేతికి అందంగా వచ్చే మాట, అందుకే వదిలేశాను. లోర్కా ఊళ్లు తిరిగి నాటకాలాడింది రిపబ్లిక్ ప్రభుత్వం సొమ్ముతో, తుపాకీ ముట్టలేదు. పాణిగ్రాహి దళంతో కొండెక్కినవాడు. ఇద్దర్నీ ఒక గాటన కట్టేస్తే ఇద్దరి చరిత్రా పోతుంది.

ఆ ఉద్యమానికి ముందు లేవిడి ఉంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సంఘం సభకి నడిచి వెళ్తున్నవాళ్లమీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ముద్దాయిలు కోర్టులో విడుదలయ్యారు. పాటల్లో ఆ ఇద్దరూ అమరులు. వాళ్ల ఊళ్లో ఎవరి భూమి ఏ షావుకారు చేతికి ఎంత అప్పుకింద పోయిందో పాటలో లేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో తెచ్చిన 1/70 చట్టం పేరు మన్యంలో చదువురాని ముసలివాళ్లకి కూడా తెలుసు. అది ఎందుకొచ్చిందో మన కథలు చదివి చెప్పడం నాకు సాధ్యం కాలేదు.

కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) ఈ సంగతి ముందే గ్రహించారనుకుంటాను. 'యజ్ఞం'లో కథంతా ఓ అప్పు మీద జరిగే పంచాయితీ. ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఎప్పుడు, ఏ షరతుమీద అని పేజీలకి పేజీలు. విసుగొచ్చి మధ్యలో వదిలేసిన కుర్రాళ్లు నాకు తెలుసు. ఆ లెక్క ఓపిగ్గా చదివినవాడికే చివర్లో సీతారాముడు కన్నబిడ్డని ఎందుకు చంపుకున్నాడో తెలుస్తుంది.

ఇన్నాళ్లూ మన వైపు చరిత్ర చదువుతానని వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ శ్రీకాకుళం విశాఖ-ఎ కాలనీకి, 1997లో కారా మాస్టారు తన అవార్డు సొమ్ముతో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయానికి పంపుతూ వచ్చాను. ఇకమీదట ముందు పార్వతీపురం వెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజులు అడగమంటాను. దుమ్ముకి తుమ్ములొస్తాయి, గుమాస్తా విసుక్కుంటాడు, సాయంత్రానికి రెండు అప్పులు, ఓ తాకట్టు దొరికితే గొప్ప. అవి రాసుకుని, మర్నాడు బస్సెక్కి కథానిలయానికి రమ్మంటాను.