అమ్మ పోసిన ఆసు కూడా రాయి

ఆసు యంత్రం కథ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆసు పోయడమంటే నేతకు ముందు పేక పోగును మేకుల చుట్టూ చుట్టడం. అలా చీరకు 9,000 సార్లు చెయ్యి ఆడించి తల్లి లక్ష్మి భుజం పడిపోతుంటే చూడలేక, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆ యంత్రం కట్టాడు. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. కొడుకు తల్లి రుణం తీర్చుకున్న కథ, ఎక్కడ చెప్పినా చప్పట్లు పడతాయి. పడాలి కూడా. పోచంపల్లి చుట్టుపక్కల చేనేత ఇళ్లలో పుట్టిన నాలాంటి ఆడపిల్లలు తండ్రులకు పడిన బాకీని మాత్రం అలా స్టేజీ మీద పెట్టి చూపించలేం. నా దగ్గరున్నదల్లా ఒక లెక్కల పుస్తకం.

మా నాయిన బడికి పోలేదు. పని మాత్రం పట్టు పేకంత సన్నం. ఆసు మీద పోసిన పేకకు గీతలు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి మళ్లీ ముంచుతారు. దీన్నే మావైపు చిటికి కట్టడం అంటారు. ఇంత చేశాక, ఆ పేక చుట్టిన కండెల వరస తప్పిందా, బొమ్మలో ఏనుగు తొండం పోయి తోక దగ్గర తేలుతుంది. వరస సరిగ్గా ఉన్నా నేత సాఫీగా సాగదు. నాడె అటు నుంచి ఇటు వచ్చాక నాయిన ఆగేవాడు. అంచు దగ్గర పోగును గోటితో వెంట్రుకవాసి లాగి, పైవరస బొమ్మతో కలిసిందో లేదో చూసుకుని అప్పుడు పలక కొట్టేవాడు. ప్రతి పోగుకూ ఇంతే. చూసేవాళ్లకు నేస్తున్నట్టుండదు, ఏదో సర్దుతున్నట్టుంటుంది.

పట్టు ఇచ్చేదీ చీర తీసుకునేదీ షావుకారే. మజూరి మాత్రం మాది. మరక పడితే కోత, బొమ్మ కదిలితే కోత, పండక్కి తీసుకున్న అడ్వాన్సు ఎప్పటికీ తెగదు. నేను పెద్దబడికి వెళ్లగానే నాయిన నాతో ఒక నోటుపుస్తకం పెట్టించాడు. తెచ్చిన పట్టు, ఇచ్చిన చీరలు, ముట్టిన డబ్బు అందులో రాయాలి. వార్పు అయిపోగానే చీరల మూటతో పాటు నన్నూ సైకిలెక్కించుకుని షావుకారింటికి తీసుకెళ్లేవాడు.

ఒకసారి షావుకారు లెక్కకూ నా లెక్కకూ పొంతన కుదరలేదు. ఒకే చీర మరకకు రెండుసార్లు కోత పడింది. నేను గొణిగినట్టు చదివాను. ‘ఆడపిల్లను ఎంటేసుకొచ్చినవ్, లెక్క నేర్పిచ్చి ఏం జేస్తవ్?’ అని షావుకారు నవ్వాడు. నాయిన ఆయనవైపు చూడనైనా లేదు. ‘మళ్ల సదువు బిడ్డా, జర గట్టిగ’ అన్నాడు. చదివాను. గద్దె కింద కూర్చున్న మిగతా నేతగాళ్లు వినేటట్టు చదివాను. ఒక కోత కొట్టేశారు.

దాని ఖరీదు తర్వాత తెలిసింది. రెండో వార్పుకు పట్టు రాలేదు. రేపు, మాపు అన్నారు. మగ్గం ఉత్తగ ఉంది, ఇంట్లో చేబదుళ్లతో పొయ్యి వెలిగింది. ఆ సంగతి నాయినకు ముందే తెలుసని, ఉత్త మగ్గం ఖర్చు కూడా లెక్కేసుకునే నన్ను గట్టిగా చదవమన్నాడని పెద్దయ్యాక గానీ నాకు ఎక్కలేదు. ఫీజులు కట్టిన తండ్రులు చాలామంది ఉన్నారు, వాళ్లకూ దండం. నాయిన కట్టింది వేరే ఫీజు.

ఏటా ఆగస్టు 7న, చేనేత దినోత్సవం సభల్లో నన్నూ మాట్లాడమంటారు. 1905 స్వదేశీ ఉద్యమం దగ్గర మొదలుపెట్టి నేతన్న గొప్పతనం ఎంతసేపు చెప్పినా వింటారు. మజూరి లెక్క ఎత్తితే మాత్రం మైకు కోసం చెయ్యి చాస్తారు. నేను ఇవ్వను. ఆ మొండితనం ఎవరిదో మా ఊరివాళ్లకు తెలుసు.

ఆ పుస్తకంలో వెనక పేజీల సంగతి వేరు. ఒకరోజు నాయిన ‘అమ్మ పోసిన ఆసు గూడ రాయి’ అన్నాడు. మా ఇంట్లో ఆసుకు విడిగా మజూరి లేదు, చీర మజూరిలోనే కలిసిపోయేది. నాయనమ్మ చుట్టే కండెలదీ అదే గతి. ‘రాస్తే ఎవలిస్తరు నాయినా?’ అన్నాను. ‘ఎవలియ్యరు. నువ్వయితే రాయి.’

రాశాను. అమ్మ, ఆసు. నాయనమ్మ, కండెలు. కొన్నాళ్లకు నా పేరు కూడా ఎక్కింది, చిటికి అని. షావుకారు ఆ పేజీలు ఎన్నడూ తిరగేయలేదు. అమ్మ మాత్రం వారం వారం చదివించుకునేది. తన వరస దగ్గరికి రాగానే ఆపి, ‘మంగళారం పోసిందేదే? తిన్నవా దాన్ని?’ అని నాతో కొట్లాట పెట్టుకునేది.