స్తంభం అడుగు నుంచి

జపాన్ తరహా చెక్క ఇల్లు కావాలని వచ్చేవాళ్లు ఫోన్‌లో చూపించేవి దాదాపు ఒకటే: కాగితం తలుపులు, తతామి చాపలు, ఓ మూల బోన్సాయ్. వాటితో నాకు పేచీ లేదు. కానీ అలాంటి ఇంటిని స్తంభం నేలను తాకే చోటు నుంచి గీయాలంటాను. చెక్క ముందుగా పుచ్చేది అక్కడే.

జపాన్‌లోని ఇసే మందిరంలో స్తంభాలను ఇప్పటికీ నేలలోనే పాతుతారు. 20 ఏళ్లకోసారి కొత్తగా కట్టే గుడి కాబట్టి చెల్లుతుంది. పాతకాలపు ఇళ్లలో మాత్రం రాయి మీద నిలబెట్టేవారు. ఆ రాయిని చదును చేయరు. దాని ఎగుడుదిగుళ్లను ఉన్నవున్నట్టు స్తంభం అడుగు మీదకి గీసుకుని, ఆ గీత వెంట ఉలితో చెక్కుతారు. నడిమధ్య కాస్త లోతుగా తీసి, అంచు మాత్రం రాతికి అతుక్కునేలా చూస్తారు. నిలబెట్టి చూడటం, ఎత్తడం, మళ్లీ చెక్కడం... మన మండువా లోగిళ్లలోనూ స్తంభం కింద రాతి దిమ్మె ఉంటుంది గానీ, అక్కడ రాయినే చెక్కి దారికి తెచ్చుకున్నాం.

ఎంత చేసినా ఎప్పటికో ఆ అడుగు పుచ్చుతుంది. అప్పుడు ఇల్లు విప్పరు. పుచ్చినంత మేర కోసేసి, కొత్త ముక్కను 'కనవ' అనే అతుకుతో కలుపుతారు. రెండు కొసలూ ఒకే ఆకారంలో ఉంటాయి. పక్కనుంచి జరిపి కలిపి, నడుమ మిగిలిన సందులో గట్టి కర్రచీల దిగ్గొడితే రెండూ బిగుసుకుంటాయి. మేకు లేదు, జిగురు లేదు. పక్కనుంచి జరపడంలోనే ఉంది కిటుకంతా. పైకప్పును లేపి కూర్చోవాల్సిన పని ఉండదు.

నారాలోని హోర్యూజీ ఆలయం దాదాపు 1300 ఏళ్లుగా నిలబడిందంటే, హినోకి అనే సైప్రస్ జాతి చెక్క గొప్పతనం ఎంతో, తరతరాల మరమ్మతుల పుణ్యమూ అంతే. అక్కడి పాత చెక్కకు చిత్రిక పడితే ఇంకా హినోకి వాసన వస్తుందని ఆలయ వడ్రంగి నిషియోకా త్సునెకాజు చెప్పేవారు.

ఇలా రాయి మీద స్తంభం నిలబెట్టడం జపాన్‌లోనే ఇప్పుడు తేలిక కాదు. 1950 నాటి భవన ప్రమాణాల చట్టం ప్రకారం మామూలు చెక్క ఇంటికి పునాదికి బిగించిన అడుగుదూలం ఉండాలి. ఊరికే రాయి మీద నిలబెట్టాలంటే వేరే లెక్కలు కట్టి ఒప్పించాలి. భూకంపాల దేశం, తప్పుపట్టలేను.

నేను బేరానికి దిగనిది చూరు దగ్గర. స్థలం ఇరుకు, కాస్త కుదించండి అంటారు. గది కుదిస్తాను గానీ చూరు ముట్టుకోను. ఏటవాలు వాన రోజూ అడుగును తడుపుతుంటే ఆ ఉలిపనంతా దండగ. ఈ మాట విన్నాక కొందరు మళ్లీ రాలేదు.