కత్తెర వేయని పద్దు

పాత ట్రంకుపెట్టె అడుగున అమ్మమ్మ రాసుకున్న నోటుపుస్తకం దొరికితే ఇంట్లోవాళ్లు ముందుగా విశేషాల కోసం వెతుకుతారు. పెళ్లి, తుఫాను, చావు ఉన్న పేజీలను టైపు చేసి బంధువులకు పంచుతారు. పాల లెక్క, కందులు ఎండబోసిన సంగతి, పక్కింటి కోడలికి పురుడొచ్చిన మాట చాకలి పద్దుల కింద జమకట్టి వదిలేస్తారు. నిజానికి పల్లె ఆడవాళ్ల డైరీకి విలువ తెచ్చేవి ఆ పద్దులే. పెళ్లిళ్లూ తుఫాన్లూ ఇంటిల్లిపాదికీ గుర్తుంటాయి, మామూలు మంగళవారం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

దీనికి గట్టి సాక్ష్యం అమెరికాలోని మెయిన్‌లో, కెన్నబెక్ నది ఒడ్డున దొరుకుతుంది. హాలోవెల్ మంత్రసాని మార్తా బల్లార్డ్ 50 ఏళ్లకు చేరువలో, 1785లో డైరీ మొదలుపెట్టి, 1812లో కన్నుమూసే కొన్నాళ్ల ముందు వరకూ రాసింది. మొత్తం 10,000కు కాస్త తక్కువ రోజుల రాత, అందులో 816 పురుళ్లు. ఆమె పద్ధతి సాదాసీదా. పేజీకి అంచు గీసుకుని తేదీ, వారం వేసేది. తర్వాత ఎండో మంచో, ఎవరింటికి వెళ్లిందో, ఎవరొచ్చారో రాసేది. పురుటి రుసుము ముట్టాక అంచులో రెండు ఇంటూ గుర్తులు పెట్టేది. మనసులో మాట బయటపడేది అరుదు. 1791లో పెళ్లికాని ఒక అమ్మాయికి పురుడు పోస్తూ, అప్పటి ఆచారం ప్రకారం నొప్పుల మధ్య బిడ్డ తండ్రి ఎవరని అడిగింది. వినవచ్చిన పేరు తన సొంత కొడుకుది. దాన్నీ మిగతా పురుళ్ల వరుసలోనే రాసుకుంది. ఆ ఒక్క పేజీ చదివితే రాతిగుండె మనిషి అనిపిస్తుంది. వందల పేజీలు చదివినవాళ్లకే అది ఆమె వృత్తి నియమమని అర్థమవుతుంది.

ఈ డైరీని ఆగస్టా పట్టణ చరిత్ర రాసిన జేమ్స్ నార్త్ 1870లోనే చూశాడు. కొన్ని భాగాలు వాడుకుని, చాలావరకు జనానికి ఆసక్తి లేనిదని తేల్చేశాడు. చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిచ్ మాత్రం విసుగు పుట్టించే ఆ పునరుక్తులనే పట్టుకుంది. నేతపని ఎవరు చేశారు, ఎవరి కూతురు ఎవరింట్లో పనికి కుదిరింది, ఇచ్చిపుచ్చుకోళ్లు ఎలా సాగాయి అన్న పోగులు కలిపితే, మగవాళ్ల ఖాతా పుస్తకాల్లో కనిపించని ఆడవాళ్ల ఆర్థిక వ్యవస్థ తేలింది. ఆ డైరీపై ఆమె రాసి 1990లో వెలువరించిన పుస్తకానికి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి దక్కింది.

అమ్మమ్మ నోటుపుస్తకం అంతా అచ్చేస్తే ఎవరు చదువుతారన్నది న్యాయమైన ప్రశ్నే. చదవడానికి ఎంపిక చేసిన పేజీలు ఇవ్వొచ్చు. కానీ ప్రతి పేజీకీ ఫొటో తీసి మొత్తాన్నీ దాచాకే ఎంపిక మొదలుపెట్టాలి. ఇతరుల గుట్టు బయటపడుతుందన్న భయమూ సబబే. బతికున్నవాళ్ల పేర్లను పంచే ప్రతిలో మార్చాలి, మూలాన్ని ముట్టుకోకూడదు. అక్షరదోషాలు, యాస, కుంచం, మానిక, వీశె లాంటి పాత కొలతలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. 1957లో దశాంశ నాణేలు రాకముందు రాసిన అణాలను పైసల్లోకి మార్చేస్తే ఆ కాలపు లెక్క నోరు మూతబడుతుంది. అర్థాలు అడుగున విడిగా ఇస్తే చాలు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. ఆ తరంలో రాయడం వచ్చిన అమ్మమ్మలెందరు? ఎక్కువగా కలిగిన ఇళ్లవాళ్లే కదా, వాళ్ల డైరీ ఊరి చరిత్ర ఎలా అవుతుంది? నిజమే, అది ఊరంతటి గొంతు కాదు. అయితే ఆ ఇంటి పొలంలో నాటు వేసిందెవరో, కూలికి ఎన్ని కుంచాలు కొలిచారో, పురిటికి పిలిస్తే అర్ధరాత్రి వచ్చిందెవరో ఉండేది ఆ పద్దుల్లోనే. పెళ్లి పేజీలో వాళ్ల పేర్లు ఉండవు. విసుగని ఆ వరుసలు కొట్టేస్తే, అక్షరానికి ఒకసారి దూరమైనవాళ్లను మనం రెండోసారి దూరం చేసినట్టే.