ఏనుగు చెవి

పోయిన ఆదివారం అటక మీంచి బొమ్మల కొలువు పెట్టె దించుతుంటే కొండపల్లి అంబారీ ఏనుగు జారి పడింది. కుడి చెవి విరిగి రెండు ముక్కలైంది. ఒకటి చేతికొచ్చింది, రెండోది ఇప్పటికీ దొరకలేదు. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు గదిలో త్రీడీ ప్రింటర్ పెట్టుకున్నాడు లెండి. ఏనుగుని ఓసారి అటూ ఇటూ తిప్పి చూసి, "స్కాన్ చేసి ప్రింట్ కొట్టేద్దాం మామయ్యా, పది నిమిషాలు" అన్నాడు.

ఆ పది నిమిషాలకే నాకు ఒళ్లు మండింది. చేతికి రాని పని బుర్రకూ రాదన్నది నా పాత చాదస్తం. గొడుగుల గురించి మొదలెట్టినా, ఆవకాయ గురించి మొదలెట్టినా చివరికి అక్కడికే వస్తానని ఒక పాఠకుడు కార్డు రాసి మరీ దెప్పారు. తెల్లపొణికి కర్రను సన్నసెగన ఆరబెట్టి, కాళ్లూ చేతులూ వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి రంగులేసేవాళ్ల పని పది నిమిషాలా!

వాడు ఏనుగు చుట్టూ తిరిగి ఫోన్‌తో అరవై ఫొటోలు తీశాడు. ఒక ఫొటోలో ఉన్న చుక్కనే ఇంకో ఫొటోలో వెతికి పట్టుకుని సాఫ్ట్‌వేర్ ఆకారం లెక్కగడుతుందట. మెరిసే రంగు మీద మెరుపు మనతోపాటే కదులుతుంది కాబట్టి దానికి తికమక. తెరమీద ఏనుగు పొట్ట బల్లలో కలిసిపోయింది, అంబారీ కింద చీకట్లో పెద్ద బొక్క పడింది. లోలోపల సంతోషించాను, దాచడమెందుకు.

"పోనీ, ఎడమ చెవిని అద్దంలోలా తిప్పేస్తే?" అన్నాడు. తిప్పాడు. దొరికిన ముక్క పక్కన పెడితే వంపు కలవలేదు. ఇరవై ఏళ్లుగా ఏటా తుడుస్తున్న బొమ్మ, దాని చెవులు రెండూ ఒకటి కావని నాకు తెలీదు!

ఇక వెర్నియర్ కాలిపర్స్ తీశాను. మూడు సాయంత్రాలు టింకర్‌క్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చెవిని గీశాను. పాత మక్కు గీకితే తలలో 4 మిల్లీమీటర్ల గాడి తేలింది, చెవి మొదలుకీ అంతే పెట్టాను. దూరలేదు. మధ్యలో రవ్వంత సందు వదలాలి. ఎక్కువ వదిలితే రెండోది లొడలొడలాడింది. నిలబెట్టి ప్రింట్ చేసిన మూడోది చేతిలోనే పుటుక్కుమంది. 200 డిగ్రీల దగ్గర కరిగిన ప్లాస్టిక్ 0.2 మిల్లీమీటర్ల పొరలుగా పేరుకుంటుంది. పొరా పొరా అతుక్కున్న చోటే అది బలహీనం. మా ఊరి వడ్రంగి ఏ కర్రనైనా రంపం పెట్టేముందు తిప్పి తిప్పి చూసేవాడు, నార ఎటు పోతోందో అని. ఆయన ఎందుకలా చూసేవాడో నాకు ఈ వయసులో, ప్లాస్టిక్ విరిగితే తెలిసింది.

అసలు ఇలా పొరలుగా ప్రింట్ చేసే పద్ధతి పుట్టిందే బొమ్మతో. 1980ల చివర్లో అమెరికాలో స్కాట్ క్రంప్ అనే ఇంజనీరు కూతురికి కప్పబొమ్మ చేసిద్దామని గ్లూ గన్‌తో పొరమీద పొర వేశాడు.

యంత్రం పనితనాన్ని చంపేస్తుందని రాద్దామనే ఈ వారం కలం పట్టాను. స్కాన్ సరిగ్గా వచ్చుంటే రాసేవాణ్నేమో. మూడు చెవులు పాడుచేశాక ఆ మాట రాయడానికి మొహం చెల్లడం లేదు. కొండపల్లిలో కుర్రవాళ్లు మొదట్లో పాడుచేసేది పొణికి కర్ర, నేను పాడుచేసింది ప్లాస్టిక్ తీగ, అంతే తేడా.

నాలుగోది పడుకోబెట్టి ప్రింట్ చేస్తే గాడిలో బిగుతుగా కూర్చుంది. రంగు వేస్తానంటే మా ఆవిడ వద్దంది. తెల్లగా, చెవికి కట్టు కట్టినట్టుంది. ఈసారి కొలువులో దాన్ని ముందు మెట్టు మీదే పెడుతుందట.