యోసేపు – యూసుఫ్: ఒక కథ, రెండు గ్రంథాలు

యూదుమతానికీ ఇస్లాముకూ గల పోలికలూ తేడాలూ రాయమంటే మన విద్యార్థులు సాధారణంగా ఒక పట్టిక గీస్తారు. ఏకేశ్వరారాధన, సున్తీ, పందిమాంస నిషేధం, ఉపవాసాలు పోలికల వరుసలో చేరతాయి. శనివారపు విశ్రాంతి, శుక్రవారపు సామూహిక ప్రార్థన, మహమ్మదు ప్రవక్త స్థానం తేడాల వరుసలో చేరతాయి. ఈ పట్టికలో తప్పు లేదు గాని, పోలిక ఎక్కడ తేడాగా మారుతున్నదో అది చూపలేదు. అది తెలియాలంటే రెండు మతాలకూ పవిత్రమైన ఒకే కథను పక్కపక్కన పెట్టి చదవడం మేలని మా అభిప్రాయం. అందుకు యోసేపు కథను మించినది లేదు. తెలుగు బైబిలు చదివినవారికి ఇతడు యోసేపు, తెలుగు ఖురాను చదివినవారికి యూసుఫ్. పేర్ల రూపం మారడంతో ఇద్దరూ వేరువేరు మనుషులనుకొనేవారిని కూడా మనం చూస్తూనే ఉంటాం.

తోరాలోని మొదటి గ్రంథమైన ఆదికాండంలో ఈ కథ 37వ అధ్యాయంలో మొదలై 50వ అధ్యాయంతో ముగుస్తుంది. ఖురానులో ఇది 12వ సూరా, 111 వాక్యాలు. తండ్రి ముద్దుబిడ్డ మీద అన్నల అసూయ, గోతిలో పడవేయడం, నెత్తురు పూసిన అంగీ, ఈజిప్టులో బానిసత్వం, యజమాని భార్య మోపిన నింద, చెరసాల, కలల అర్థాలు, కరవు, ధాన్యం కోసం వచ్చిన అన్నలు – ఈ చట్రం రెండింటికీ సమానమే. విమర్శకుని పని ఇక్కడినుంచే మొదలవుతుంది.

అన్నలు ఈజిప్టు చేరి తమ్ముని ఎదుట నిలిచిన ఘట్టం చూడండి. అతడు వారిని గుర్తుపట్టాడు. వారు అతన్ని గుర్తుపట్టలేదు. ఈ సన్నివేశంలో హీబ్రూ, అరబీ రెండూ ఒకే సెమిటిక్ ధాతువును వాడాయి: న-క-ర. హీబ్రూలో దీనినుంచి వచ్చిన 'హిక్కీర్' అంటే గుర్తుపట్టడం. అదే ధాతువునుంచి వచ్చిన 'హిత్‌నక్కేర్' అంటే పరాయివానిలా ప్రవర్తించడం. ఆదికాండం ఈ రెండు క్రియలనూ పక్కపక్కనే పెట్టి యోసేపు మనస్సును చూపింది. అరబీలో గుర్తుపట్టడానికి వేరే ధాతువు ఉంది. న-క-ర ఎరగకపోవడానికే మిగిలింది. అందువల్ల ఖురానులో ఆ మాట తమ్మునికి గాక అన్నలకు అంటింది. వారు 'మున్కిరూన్', ఎరగనివారు. హిందీ, ఉర్దూ వినే మన విద్యార్థులకు తెలిసిన 'ఇన్కార్' ఈ కుదురులోదే.

ఈ ధాతువు హీబ్రూ కథలో ఒక్కచోటనే ఆగదు. నెత్తుటి అంగీని తండ్రి ముందుంచి ఇది ఎవరిదో చూడమని కొడుకులు అడిగినప్పుడు వచ్చింది. 38వ అధ్యాయంలో తామారు తన మామ యూదాకు అతని ముద్రనూ కర్రనూ చూపి, ఇవి ఎవరివో గుర్తుపట్టమన్నప్పుడు మళ్ళీ వచ్చింది. తండ్రిని మోసగించిన మాటే కొడుకును పట్టి ఇచ్చింది. ఈ అధ్యాయం యోసేపు కథకు అడ్డుగా దూరిందనేవారు ఈ మాటను గమనించలేదనే అనాలి. ప్రాచీన యూదు వ్యాఖ్యాతలు మాత్రం గమనించారు.

తండ్రి విషయంలో రెండు కథలూ పూర్తిగా విడిపోతాయి. ఆదికాండపు యాకోబు మోసపోతాడు. క్రూరమృగం చీల్చిందని నమ్మి ఎవరెంత చెప్పినా ఊరట పొందడు. ఖురాను యాఖూబ్ కొడుకుల మాట వినగానే అది కల్పన అని తెలుసుకొంటాడు. అయినా మౌనంగా ఓర్పు వహిస్తాడు. దుఃఖంతో చూపు పోయినా ఆశ వదలడు. మొదటివాడు ఏమీ తెలియక ఏడ్చిన తండ్రి. రెండవవాడు తెలిసి భరించిన ప్రవక్త. ఇది కేవలం పాత్రచిత్రణలోని తేడా కాదు. ఇస్లాములో ప్రవక్త మనకు ఆదర్శం. తోరాలోని మూలపురుషులు తప్పులు చేస్తారు, మోసపోతారు, మోసగిస్తారు కూడా. యాకోబే ఒకప్పుడు మేకపిల్లల తోళ్ళు కప్పుకొని తండ్రిని మోసగించినవాడు. ఇప్పుడు కొడుకులు మేక నెత్తురుతో అతన్ని మోసగించారు.

ఇక బట్ట సంగతి. ఆదికాండంలో బట్ట రెండుమార్లు అబద్ధసాక్ష్యం చెబుతుంది: ఒకటి నెత్తుటి అంగీ, రెండవది పోతీఫరు భార్య చేతిలో చిక్కిన వస్త్రం. ఖురానులో ఖమీస్ (ఉర్దూ ద్వారా మనకు చేరిన కమీజు ఇదే) మూడుమార్లు వస్తుంది. మొదటిసారి అబద్ధం చెప్పినా తండ్రి నమ్మడు. రెండవసారి అది వెనుకవైపు చిరిగి ఉండటంతో యూసుఫ్ నిర్దోషి అని తేలుతుంది. మూడవసారి ముఖం మీద వేయగానే తండ్రికి చూపు వస్తుంది. కథ ముందుకు సాగుతుంటే బట్ట సత్యంవైపు నడుస్తుంది. ఇంత పొందికైన నిర్మాణాన్ని బైబిలు కథకు సంక్షేపమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

అలాగే ఖురాను వదిలినవాటిని లోపాలుగా చూపడమూ సరికాదు. తమ్ముణ్ణి అమ్ముదామన్న యూదాయే చివరకు బెన్యామీనుకు బదులు తాను బానిసగా ఉంటాననడం ఆదికాండంలోని మహత్తర ఘట్టం. ఖురానులో అన్నలకు పేర్లే లేవు. ఆకలిగొన్న ప్రజల పశువులనూ పొలాలనూ చివరకు వారినీ యోసేపు ఫరోకు కొనిపెట్టిన 47వ అధ్యాయపు చేదు కూడా అందులో లేదు. ఆదికాండానికి కావలసింది ఒక జాతి ఈజిప్టుకు ఎలా చేరిందో చెప్పడం. యోసేపు ఎముకలను మోషే వెంట తీసుకుపోయేవరకు ఆ కథకు ముగింపు లేదు. ఖురాను కథ చివర మహమ్మదు ప్రవక్తవైపే తిరిగి, తనవారు తిరస్కరించిన ప్రవక్తకు ధైర్యం చెబుతుంది.

1833లో అబ్రహాం గైగర్ అనే యూదు పండితుడు ఖురానులోని యూదు మూలాలను వెదికి ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ గ్రంథం విలువైనదే. కాని దాని వెనుక వచ్చిన చాలామందికి ఎవరినుంచి ఎవరు తీసుకొన్నారన్నదే ఏకైక ప్రశ్న అయిపోయింది. యూసుఫ్ అందం చూసి స్త్రీలు చేతులు కోసుకొన్న ఘట్టం బైబిలులో లేదు; ఖురానులోనూ యూదుల మిద్రాష్ సాహిత్యంలోనూ ఉంది. మిద్రాష్ సంకలనాలు కొన్ని ఖురాను తరువాతనే తుదిరూపం పొందాయి కనుక దారి ఒకవైపే సాగిందని చెప్పలేం. పర్షియాలో ఇది మరీ స్పష్టం. 14వ శతాబ్దంలో షాహీన్ అనే యూదు కవి ఆదికాండాన్ని పారసీ కావ్యంగా మలచినప్పుడు యోసేపు ఘట్టంలో ముస్లిం కథనాలను నిస్సంకోచంగా కలుపుకొన్నాడు. ముస్లిం కవి జామీ రచించిన యూసుఫ్–జులేఖా కావ్యాన్ని ఇరాను యూదులు హీబ్రూ లిపిలో రాసుకొని చదివారు. తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకొనే ఇళ్ళనుంచి వచ్చిన మన తమిళనాడు విద్యార్థులకు ఈ సంగతి వింతగా తోచదు.