‘తరతరాలుగా’ అనే మాట వెనుక: నవహో కంబళి, విమర్శకుల చూపు

చేతివృత్తుల కళలను గురించి రాసేటప్పుడు విమర్శకుల కలం నుంచి అలవోకగా జారిపడే మాట ఒకటుంది: ‘తరతరాలుగా’. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి తరతరాలుగా వస్తున్న కళ అంటాం. మాట అందంగానే ఉంది. అబద్ధమూ కాదు. కాని ఆ మాట అనేసిన తరువాత విమర్శకుడు ఇక ఏమీ అడగడు. గొర్రె ఎవరిది, ఉన్ని ఎవరు వడికారు, నేయడానికి ఎన్ని నెలలు పట్టింది, కొన్నవాడు ఎంతిచ్చాడు, తిరిగి ఎంతకు అమ్మాడు? ఈ ప్రశ్నలన్నిటినీ ఆ ఒక్క మాట కప్పేస్తుంది. ఆ మాటకు ఒక ఆర్థిక ప్రయోజనం ఉంది. అది ఎవరి ప్రయోజనమో తేల్చడం అభ్యుదయ విమర్శ చేయవలసిన పని అని నా అభిప్రాయం.

అందుకు అమెరికా నైరుతి ప్రాంతంలోని నవహో స్త్రీల కంబళి నేతను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆ నేతను మెచ్చుకుంటూ ఒక శతాబ్దానికి పైగా పుస్తకాలు వచ్చాయి. అదే నేతను కొని అమ్మిన వర్తకుల లెక్కల పుస్తకాలు కూడా మిగిలి ఉన్నాయి. కనక పొగడ్తనూ పద్దునూ పక్కపక్కన పెట్టి చదవడానికి వీలుంది.

నవహోలు తమను తాము ‘దినే’ అని పిలుచుకుంటారు. ‘ప్రజలు’ అని అర్థం. వారి నేల ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలలో ఉంది. వంశం తల్లి వైపు నుంచి లెక్క. మందలో స్త్రీకి సొంత గొర్రెలుంటాయి. మగ్గం నిలువుది. పై కర్రకూ కింది కర్రకూ మధ్య పడుగు బిగించి, దాని ముందు నేలమీద కూర్చుని, కింది నుంచి పైకి నేస్తారు. మన మగ్గంలాగా నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తదు. రంగు మారవలసిన చోటల్లా ఆ రంగు పేకను వేళ్లతో దూర్చి, చెక్క దువ్వెనతో దిగగొడతారు. సంప్రదాయ పద్ధతిలో ముందుగా కాగితం మీద గీసుకున్న నమూనా ఉండదు. బొమ్మ మొత్తం నేసే మనిషి తలలో ఉంటుంది. ఉన్ని కత్తిరించడం, కడగడం, ఏకడం, కదురు మీద వడకడం, రంగు వేయడం అన్నీ మగ్గం ముందు కూర్చోవడానికి ముందే జరగాలి. మన కురుమల ఇళ్లల్లో ఉన్ని వడికేది స్త్రీ అయితే, గొంగడి నేసేది సాధారణంగా పురుషుడు. నవహోల పొరుగువారైన ప్యూబ్లో జాతులలోనూ మగ్గం పురుషుడిదే. నవహోలలో మాత్రం మంద నుంచి మగ్గం దాకా పని ప్రధానంగా స్త్రీ చేతిలో ఉంది. హోస్టీన్ క్లా (1867–1937) వంటి పురుషులూ నేశారు గాని, వారు కొద్దిమంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. తరతరాలుగా అందుతూ వచ్చినది ఏది? నమూనా అని సాధారణంగా అనుకుంటాం. చరిత్ర చూస్తే అది నిలవదు. నవహోలు నేత నేర్చింది ప్యూబ్లోల దగ్గర. గొర్రె స్పానిష్ వాళ్లతో వచ్చింది. వారి కంబళ్లలో ఎంతో పేరు పొందిన ఎరుపు, యూరపు మిల్లుల్లో తయారైన ‘బయేటా’ గుడ్డది. ఆ గుడ్డను పోగు పోగుగా విప్పి తమ మగ్గానికి ఎక్కించుకున్నారు. తరువాత పెన్సిల్వేనియా నుంచి ‘జెర్మన్‌టౌన్’ మిల్లు నూలు వచ్చింది. మెక్సికోలోని సాల్టియో దుప్పట్ల నుంచి రంపపు పళ్ల వజ్రాకారాలు వచ్చాయి. ఆ తరువాత తూర్పు దేశాల తివాచీల అంచులు వచ్చాయి. అంటే తల్లి కూతురికి అప్పగించినది ఒక బొమ్మ కాదు. బయటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ తన మగ్గం లెక్కకు లొంగదీసుకునే తెలివి. దానిని ‘మారని సంప్రదాయం’ అనడమంటే, ఆ స్త్రీలు తరం తరానా తీసుకున్న నిర్ణయాలను లెక్కలోంచి కొట్టివేయడమే.

రెండవ ప్రశ్న. ఆ తరాలు ఏ దారిన నడిచి వచ్చాయి? కాలనిర్ణయం స్పష్టంగా ఉన్న అతి పాత నవహో నేతలు కాన్యన్ డి షే లోయలోని ఒక కొండగుహలో దొరికిన పీలికలు. 1805 జనవరిలో స్పానిష్ సైనికులు ఆ గుహలో తలదాచుకున్న వారిపై కాల్పులు జరిపారు. ఆ దాడిలో వందమందికి పైగా చనిపోయారు. కళాచరిత్రకారులు గీటురాయిగా వాడుకునే ఆ చారల గుడ్డలు చచ్చిపోయినవారి ఒంటిమీదివి. 1863–64లో కిట్ కార్సన్ నాయకత్వాన అమెరికన్ సైన్యం పొలాలు తగలబెట్టి, గొర్రెలను చంపి, పీచ్ తోటలు నరికి, నవహోలను బోస్కే రెడోండో అనే శిబిరానికి నడిపించింది. అక్కడ ఎనిమిది వేలమందికి పైగా నిర్బంధంలో ఉన్నారు. గొర్రెలు లేక, ప్రభుత్వం పంచిన నూలుతో అక్కడా నేశారు. 1868 జూన్ 1న కుదిరిన ఒడంబడికతో సొంత నేలకు తిరిగి వచ్చారు. ఆ ఒడంబడికలో 15,000 గొర్రెలు, మేకలు కొని ఇస్తామన్న మాట ఉంది. ఉపాధ్యాయుడిగా నన్ను ఆపి ఆలోచింపజేసిన మరో షరతు కూడా ఉంది: ఆరు నుంచి పదహారేళ్ల లోపు మగపిల్లలనూ ఆడపిల్లలనూ బడికి పంపి తీరాలి, ముప్పై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు. మంచి మాటలాగే కనిపిస్తుంది. కాని తరువాత దశాబ్దాలలో ఆ బడి అంటే ఇంటికి దూరంగా ఉన్న వసతి బడి. అక్కడ సొంత భాష మాట్లాడితే శిక్ష. తల్లి పక్కన కూర్చుని పోగు పట్టుకోవలసిన వయసు అక్కడ గడిచిపోయింది. ‘తరతరాలుగా’ అన్నది తనంతట సాగిన ప్రవాహం కాదు. తెంచిన ప్రతిసారీ ఎవరో ఒక స్త్రీ పట్టుబట్టి ముడివేసిన పోగు అది.

ఇక వర్తకుని దుకాణానికి వద్దాం. 1880ల మొదట్లో రైలు వచ్చింది. మిల్లు కంబళ్లు చవకగా దొరికాయి. నవహోలే వాటిని కప్పుకోసాగారు. కప్పుకోవడానికి నేసినది, తూర్పు నగరాల ఇళ్లలో నేలమీద పరచుకునే తివాచీగా మారింది. గనాడోలో లొరెంజో హబ్బెల్ తనకు నచ్చిన నమూనాలను చిన్న చిన్న చిత్రాలుగా వేయించి గోడకు తగిలించాడు. క్రిస్టల్ అనే చోట జె. బి. మూర్ 1903లోనూ, 1911లోనూ జాబితా పుస్తకాలు అచ్చువేసి, తపాలా ద్వారా అమ్మాడు. నేసినవారికి సాధారణంగా ముట్టింది రొక్కం కాదు. పిండి, కాఫీ, చక్కెర, గుడ్డ, పాత బాకీలో కొంత కోత. మామూలు రకాలను పౌన్ల లెక్కన తూచి కొన్నారు. మేలు రకాలకే విడిగా ధర కట్టారు.

తూకం వేసి కొనే చోట సన్నగా వడకడం నష్టం. వందగంటలు వడికిన సన్నని నూలూ, పది గంటలలో వడికిన ముతక నూలూ త్రాసులో ఒకటే. సహజంగానే నేత ముతకబారింది. ఉన్నిలో జిడ్డూ ఇసుకా మిగిలిపోయాయి. అప్పుడు వర్తకులు నవహో స్త్రీలు మోసం చేస్తున్నారన్నారు. కళాచరిత్రకారులు దానికి ‘క్షీణదశ’ అని పేరు పెట్టారు. క్షీణించింది కళ కాదు, కూలి. త్రాసును వదిలేసి గుడ్డను మాత్రం పరీక్షించే విమర్శ ఈ తేడాను ఎన్నటికీ పట్టుకోలేదు.

కాతీ మక్‌క్లాస్కీ 2002లో వెలువరించిన ‘స్వెప్ట్ అండర్ ద రగ్’ అనే గ్రంథం ఈ విషయంలో ముఖ్యమైనది. ఆమె హబ్బెల్ కుటుంబపు లెక్కల కాగితాలను తిరగేసి, వర్తకుడికి నేత ఎలా ఉపయోగపడిందో చూపించారు. పచ్చి ఉన్ని ధర పడిపోయినప్పుడు ఆ ఉన్నిని తివాచీగా మార్పిస్తే నష్టం తప్పుతుంది. మార్చే శ్రమకు విలువ కట్టనక్కరలేదు. ఎందుకంటే అది ‘ఇంటిపని’. స్త్రీలు తీరిక వేళల్లో చేసుకునేది. వాళ్ల అమ్మమ్మలూ చేసినదే. మన మాట ‘తరతరాలుగా’ పద్దుల పుస్తకంలో చేసిన పని ఇది. ఎలాగూ నేసేదే కదా అన్న ఒక్క వాదంతో నెలల శ్రమ సున్నా అయింది. ఆ దుకాణాల అప్పు పద్ధతులూ కుదువ పద్ధతులూ ఎంత కాలం నడిచాయంటే, 1973లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది వాటిపై ప్రత్యేకంగా నివేదిక ఇవ్వవలసి వచ్చింది.

ఇక రూపవాదులు. 1972లో లాస్ ఏంజిలిస్ కౌంటీ మ్యూజియంలో మేరీ హంట్ కాలెన్‌బర్గ్, టోనీ బెర్లాంట్ ‘ద నవహో బ్లాంకెట్’ ప్రదర్శన ఏర్పాటు చేశారు. కంబళిని జాతుల వస్తువుల గదిలోంచి తీసి, ఆధునిక చిత్రంలాగా గోడకెక్కించిన ఘనత ఆ ప్రదర్శనది. ఆ గౌరవాన్ని తక్కువ చేయను. నేతలోని జ్యామితినీ రంగుల పొందికనూ శ్రద్ధగా చూడమన్నది వారే. కాని గోడకెక్కిన చిత్రం పక్కన చిత్రకారుని పేరుంటుంది. కంబళి పక్కన సేకరించినవారి పేరు ఉంది. ‘ఛీఫ్ కంబళి’ అన్న పేరే చూడండి. కొని కప్పుకున్న ఇతర తెగల సంపన్నులను బట్టి వచ్చిన పేరది, నేసినవారిని బట్టి కాదు. 2012లో కాలిఫోర్నియాలో అటువంటి తొలిదశ కంబళి ఒకటి వేలంలో 18 లక్షల డాలర్లు పలికింది. నేసిన స్త్రీ పేరు ఎవరికీ తెలియదు. ‘అజ్ఞాత కళాకారిణి’ అంటాం, పేరు లేకపోవడం జానపద స్వభావమన్నట్టు. ఆమెకు పేరుంది, తల్లి వంశముంది, గొర్రెల గుర్తు ఉంది. కొన్నవాడు రాసుకోలేదు, అంతే. పేరు రాసుకున్న చోట సంగతి వేరు: టూ గ్రే హిల్స్ పద్ధతిలో అంగుళానికి వందకు పైగా పేకలు పడేటట్టు నేసిన డెయిసీ టాగెల్చీ పేరు నిలిచింది. 2004లో ఆమె నేత అమెరికా తపాలా బిళ్లమీద అచ్చయింది.

ఇంతవరకు చెప్పినది మన మిత్రులలో చాలామంది ఒప్పుకుంటారు. ఇక చెప్పబోయేది కొందరికి నచ్చకపోవచ్చు. దోపిడీని రుజువు చేయడంతో విమర్శకుని పని పూర్తి కాదు. నవహో స్త్రీని దోపిడీకి గురైన మనిషిగా మాత్రమే చూస్తే, వర్తకుడు ఆమె శ్రమను సున్నా చేసినట్టు మనం ఆమె బుద్ధిని సున్నా చేస్తాం. అంచు సంగతి తీసుకోండి. పాత కంబళికి చుట్టూ అంచు లేదు. చారలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగిపోతాయి. తివాచీ కొనేవారి రుచి కోసం వర్తకులు నాలుగువైపులా అంచు కావాలన్నారు. అంచు వేశారు. వేసి, లోపలి రంగులో ఒక సన్నని పోగును అంచును దాటించి బయటి దాకా తీసుకువెళ్లారు. తన మనసు ఆ నేతలో బందీ కాకుండా, తరువాతి పనికి దారి ఉండాలని నేసేవారు చెప్పే మాట. నోయెల్ బెనెట్ 1974లో ఆ గీత మీదే ఒక పుస్తకం రాశారు. గీత ప్రధానంగా అంచున్న తివాచీలలోనే కనిపిస్తుంది. అంచు బజారుది, దారి ఆమెది. ఒకే గుడ్డలో ఈ రెంటినీ చదవగలిగినప్పుడే వస్తువునూ శిల్పాన్నీ కలిపి చూసినట్టు.

నేత నేర్పింది సాలీడు అమ్మ అని దినే గాథ. కాన్యన్ డి షేలోని నిటారు కొండస్తంభం ఆమె నివాసమంటారు. భౌతికవాదులమైన మనకు ఇది ఒక నమ్మకం. కాని ఆ నమ్మకం ఏం చేసిందో చూడాలి. ఈ విద్య ఒక స్త్రీ స్త్రీలకు ఇచ్చినది అని చెప్పడంలో, ఇది దుకాణం ఇచ్చినది కాదు అన్న హక్కు ప్రకటన ఉంది. గ్లాడిస్ రైఖార్డ్ అనే మానవశాస్త్రవేత్త 1930 నుంచి వేసవుల్లో గనాడో దగ్గర రెడ్ పాయింట్ అనే గాయకవైద్యుని కుటుంబంతో ఉండి, అతని కూతుళ్లు మేరీ, అట్ల్‌నాబాల వద్ద శిష్యురాలిగా నేత నేర్చుకుని, 1934లో ‘స్పైడర్ వుమన్’ రాశారు. పండితురాలు విద్యార్థిగా కూర్చోవడం, నేర్పినవారిని పేర్లతో చెప్పడం ఆ పుస్తకంలోని విలువైన అంశాలు. అదే దశాబ్దంలో నేల కోతకు గురవుతోందని చెప్పి ప్రభుత్వం నవహోల మందలను బలవంతంగా తగ్గించింది; వేల మేకలను, గొర్రెలను చంపించింది. మంద పోవడమంటే స్త్రీకి ఆస్తి పోవడమే, మగ్గానికి ముడిసరుకు పోవడమే.

నేటి నేతగత్తె ఎదుర్కొనే పోటీ విచిత్రమైనది. పాత కంబళ్లు పెట్టుబడి సరుకైపోయాయి. అమ్మమ్మ నేసినది వేలంలో మనవరాలి తివాచీతో పోటీ పడుతుంది. ఆ డబ్బులో ఇద్దరికీ వాటా లేదు. మరోవైపు మెక్సికోలోని తెయోతిత్లాన్ డెల్ వాయే వంటి చోట్ల నవహో నమూనాలను చవకగా నేయిస్తారు. అక్కడ నేసే జాపొటెక్‌లూ మగ్గం మీద బతికేవారే. ఇద్దరు నేతగాళ్లను పోటీకి నిలబెట్టి మధ్యవాడు లాభం తీస్తాడు. 2012లో నవహో నేషన్ తన పేరు వాడుకున్న అర్బన్ ఔట్‌ఫిటర్స్ సంస్థపై దావా వేసి, 2016లో రాజీకి రప్పించింది. పేరు మీద హక్కు కొంత చిక్కింది. శ్రమ మీద హక్కు ఇంకా మిగిలే ఉంది.

1996లో ‘అమ్మమ్మలు నేసినవి’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక మ్యూజియం గ్రంథం వెలువడింది. పంతొమ్మిదవ శతాబ్దపు కంబళ్లను గురించి డి. వై. బెగే, కేలీ కీమ్స్, వెస్లీ థామస్ అందులో రాశారు. ముగ్గురూ నవహోలు, ముగ్గురూ నేసేవారు. పేక బిగువునూ నూలు పురినీ చేతితో ఎరిగినవారు విమర్శకులైతే ‘తరతరాలుగా’ అనే మాటకు మళ్లీ అర్థం వస్తుంది. అక్కడ అది ఎవరి దగ్గర నేర్చాను అన్న ప్రశ్నకు జవాబు. మనం ఆ మాట రాసిన ప్రతిచోటా దాని పక్కన రెండు సంగతులు చేర్చాలని నా సూచన: నేసిన మనిషి పేరు, ఆమెకు ముట్టిన ధర. అవి దొరకకపోతే, ఎందుకు దొరకలేదో రాయాలి.